పాత్రల వరసలు, వ్యాసంలో ఆకరాలు

కోలారు జిల్లాలో తెలుగు చదువుకుంటున్న విద్యార్థుల సాహిత్య వ్యాసాల్లో రెండు చోట్ల తడబాటు ఎక్కువగా కనిపిస్తుంది. కథలో ఎవరు ఎవరికి ఏమవుతారో తేల్చుకోవడంలో ఒకటి, తాము చెప్పిన మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియజేయడంలో రెండోది. మొదటిదాన్ని సాహిత్య పాఠంలోనూ రెండోదాన్ని వ్యాసరచన పాఠంలోనూ విడివిడిగా బోధించడం అలవాటు. నిజానికి ఇవి అంత దూరపువి కావు. ఏ ప్రతి చదివామో చెప్పకపోతే పాత్రల సంబంధమే మారిపోయే సందర్భాలున్నాయి. ఏ ప్రాంతపు తెలుగో గుర్తించకపోతే తల్లి అవ్వగా, అక్క తండ్రిగా మారిపోయే ప్రమాదమూ ఉంది. అందుకే ఈ రెండింటినీ ఇక్కడ కలిపి వివరిస్తున్నాం.

బంగారుపేట, కె.జి.ఎఫ్. ప్రాంతపు విద్యార్థి పరిస్థితి కోస్తా విద్యార్థి పరిస్థితి వంటిది కాదు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, గనుల ఊళ్ళలో అయితే వీధిలో తమిళం, దరఖాస్తుల్లో ఇంగ్లీషు. తండ్రి తమ్ముడు ఇంట్లో చిన్నాయన, బడి స్నేహితుల ముందు చిక్కప్ప, కాగితం మీద అంకుల్. అదే మనిషి కోస్తా కథలోకి వస్తే బాబాయి. ఇన్ని మాటలు తెలిసి ఉండడం లోపం కాదు. కాని పరీక్షలో వ్యాసం రాసేటప్పుడు విద్యార్థి ఇంటి మాటను తప్పు తెలుగనుకొని దాచుకుంటాడు, పుస్తకంలోని మాటను అర్థం రూఢి చేసుకోకుండానే వాడేస్తాడు. నష్టం ఇక్కడ జరుగుతున్నది.

‘అవ్వ’ అన్న మాట చూడండి. కోలారు, చిత్తూరు ప్రాంతాల్లో అవ్వ అంటే తల్లికో తండ్రికో తల్లి. తెలంగాణ కథల్లో అవ్వ అంటే కన్నతల్లి. ఉత్తర కర్ణాటక కన్నడంలోనూ అవ్వ తల్లే. కరీంనగరు జీవితం మీద వచ్చిన కథ చదివి, అందులో అవ్వకూ కొడుక్కూ మధ్య జరిగిన గొడవను ‘ముసలితరానికీ మూడోతరానికీ మధ్య సంఘర్షణ’ అని వివరిస్తే, వాక్యం ఎంత చక్కగా ఉన్నా వ్యాసమంతా పక్కదారి పట్టినట్టే. ‘అప్ప’ ఇంకా చిక్కైనది. కన్నడంలో అప్ప తండ్రి. విశాఖపట్నం, విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల తెలుగులో అప్ప అంటే అక్క. ఉత్తరాంధ్ర కథలో ‘మా అప్ప అత్తారింటికి పోయింది’ వంటి వాక్యం కనిపిస్తే మన విద్యార్థి ఒక్క క్షణం ఆగిపోతాడు. ఆగితే మంచిదే. ఆగకుండా దాటిపోయేవాడికే ఇబ్బంది. ‘అబ్బ’ కొన్ని చోట్ల తండ్రి, కొన్ని చోట్ల తాత. ‘దొడ్డమ్మ’ దగ్గర మాత్రం మనవాళ్ళకు సుళువు. కోస్తా కుటుంబాల్లో పెద్దమ్మను పిలిచే ఆ మాట కన్నడ ఇళ్ళలో రోజూ వినిపించేదే, కన్నడంలో దొడ్డ అంటే పెద్ద కదా. అలాగే భార్య అక్కచెల్లెళ్ళ భర్తను కొందరు తోడల్లుడంటారు, కొందరు షడ్డకుడంటారు. కన్నడంలో షడ్డక అని వినేవారికి ఆ రెండో మాట కొత్తగా ఉండదు.

మాటలు ఇలా మారుతున్నా వాటి వెనక ఉన్న లెక్క మాత్రం దక్షిణాది అంతటా దాదాపు ఒకటే. అమెరికా పండితుడు లూయీ హెన్రీ మోర్గన్ 1871లో ప్రపంచ భాషల బంధువాచకాల మీద పెద్ద గ్రంథం ప్రకటించాడు. తమిళ, తెలుగు, కన్నడ వరసలను పట్టికలుగా చూపి, అవి అమెరికా ఆదివాసులైన ఇరొక్వా ప్రజల వరసలకు ఎంత దగ్గరగా ఉన్నాయో చూసి ఆశ్చర్యపోయాడు. 1981లో థామస్ ట్రౌట్‌మన్ ద్రవిడ బంధుత్వం మీద రాసిన గ్రంథం ఈ విషయంలో ఇప్పటికీ మొదట చూడవలసినది. సారాంశం ఇది. తండ్రి అన్నదమ్ములు తండ్రి వంటివారు, తల్లి అక్కచెల్లెళ్ళు తల్లి వంటివారు, వారి పిల్లలు మనకు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు. తల్లి అన్నదమ్ములు మామలు, తండ్రి అక్కచెల్లెళ్ళు అత్తలు, వారి పిల్లలు బావలు, వదినలు, మరదళ్ళు. మొదటి వైపు పెళ్ళి నిషిద్ధం, రెండో వైపు పెళ్ళికి వరస. అందుకే పెళ్ళితో కొత్తగా వచ్చిన మామకూ పుట్టుకతో ఉన్న మామకూ ఒకటే మాట. తేడా చూపవలసి వస్తే ‘మేన’ చేర్చి మేనమామ, మేనత్త, మేనల్లుడు, మేనకోడలు అంటాం. కన్నడంలో మేనమామకు సోదరమావ అన్న మాట ఉంది.

ఇంగ్లీషులో అంకుల్, కజిన్ అన్న రెండు మాటలు ఈ గీతను పూర్తిగా చెరిపేస్తాయి. ‘బావ ఎదురు పడగానే ఆమె తల దించుకుంది’ అన్న వాక్యంలో బావను కజిన్ అని మనసులో అనువదించుకున్న విద్యార్థికి ఆ తల దించుకోవడంలో ఏమీ కనిపించదు. వ్యాసం ఇంగ్లీషులో రాయవలసి వచ్చినా బావ, మేనమామ వంటి మాటలను అలాగే ఉంచి ఒకసారి వివరించడం మేలు. అన్నిటికీ అంకుల్ అనేవారిని చూస్తే మాకు కొంచెం చిరాకే.

ఈ లెక్క తెలిస్తే కథ ఎలా తెరుచుకుంటుందో చూడడానికి గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ చాలు. అగ్నిహోత్రావధానులు తన చిన్న కూతురు సుబ్బిని డబ్బు తీసుకుని ముసలి లుబ్ధావధానులుకు ఇవ్వబోతాడు. ఈ పెళ్ళి చెడగొట్టడానికి నడుం కట్టినవాడు కరటకశాస్త్రి. తన శిష్యుడికి ఆడవేషం వేసి, తాను ఆ ‘పిల్ల’కు తండ్రినని చెప్పుకుని లుబ్ధావధానులుకు అమ్మజూపుతాడు. బయటపడితే పరువే కాదు, చెరసాల కూడా. ఇంత సాహసం ఎందుకు? అతడు వెంకమ్మకు అన్నదమ్ముల వరస, అంటే సుబ్బికి మేనమామ. అక్కచెల్లెళ్ళ పిల్లల మీద మేనమామకు ఉండే హక్కూ బాధ్యతా తెలిసిన ఇంట పుట్టినవారికి దీన్ని వివరించనక్కరలేదు. మన ప్రాంతంలో అక్క కూతుర్ని చేసుకునే ఆచారం కూడా ఉన్నందువల్ల ఆ మాట బరువు మనవాళ్ళకు ఇంకా బాగా తెలుసు. వ్యాసంలో ‘కరటకశాస్త్రి అగ్నిహోత్రావధానులుకు బంధువు’ అని ఊరుకుంటే నాటకాన్ని నడిపిన శక్తిని వదిలేసినట్టే. బావకూ బావమరిదికీ మధ్య నడిచే పోరుగా ఒకసారి, మేనమామకూ మేనకోడలికీ మధ్య ఉన్న రుణంగా ఇంకోసారి చదివి చూడండి. గురుశిష్యులు తండ్రీకూతుళ్ళుగా నటిస్తున్నారన్న హాస్యం అప్పుడు మరింత పదునెక్కుతుంది. అసలు తండ్రి కూతుర్ని అమ్ముతుంటే దొంగ తండ్రి దొంగ కూతుర్ని అమ్మి ఆ అమ్మకాన్ని ఆపబోతున్నాడు.

ఇక్కడే ఆకరాల సంగతి వస్తుంది. ‘కన్యాశుల్కం’ 1892లో రంగస్థలం ఎక్కింది, 1897లో అచ్చయింది. గురజాడ దాన్ని బాగా పెంచి, తిరగరాసి 1909లో మళ్ళీ ప్రకటించాడు. ఈనాడు మనం సాధారణంగా చదివేది ఏడు అంకాల ఆ రెండో రూపాన్నే. మధురవాణి పాత్ర ఇప్పుడు మనకు తెలిసినంత విస్తృతి పొందింది అందులోనే. కాబట్టి మధురవాణికి ఇతర పాత్రలతో ఉన్న సంబంధాన్ని చర్చిస్తూ ‘1897లో గురజాడ ఇలా చిత్రించాడు’ అని రాస్తే, చేతిలో ఉన్నది 1909 నాటి పాఠమైనప్పుడు, ఆ వాక్యం చెల్లదు. పన్నెండేళ్ళలో రచయిత ఆలోచన ఎలా మారిందన్న ప్రశ్నే ఒక మంచి వ్యాసవస్తువు. సంవత్సరం వేయనివాడు ఆ ప్రశ్నను ముందే చంపేస్తాడు. ఏ కూర్పు, దాన్ని తిరిగి అచ్చు వేసింది ఎవరు, ఏ సంవత్సరం, ఏ అంకం, ఏ పుట అన్న వివరాలు అందుకే. పుటల సంఖ్య ఒక్కో ముద్రణలో ఒక్కోలా ఉంటుంది గనుక నాటకానికి అంకం సంఖ్య తప్పకుండా చేర్చాలి. వేమన పద్యాల్లాంటి వాటికి చిక్కు మరీ ఎక్కువ. సి.పి. బ్రౌన్ 1829లో వేసిన కూర్పు మొదలుకొని ఒక్కో సంపాదకుడి వరస ఒక్కో రకం. ‘వేమన, పద్యం 45’ అంటే ఏ పుస్తకంలో 45?

మన వంటి రెండు భాషల విద్యార్థులకు ఇంతకంటే మంచి ఉదాహరణ భారతం. 10వ శతాబ్దంలో పంపకవి కన్నడంలో ‘విక్రమార్జున విజయం’ రచించాడు. 11వ శతాబ్దంలో నన్నయ తెలుగులో మహాభారతం ప్రారంభించాడు. ద్రౌపది ఎవరి భార్య? నన్నయ ప్రకారం పాండవులు అయిదుగురికీ. పంపడి ప్రకారం అర్జునుడు ఒక్కడికే. పంపడు తన ప్రభువైన వేములవాడ చాళుక్యరాజు అరికేసరిని అర్జునుడితో పోల్చి కావ్యం నడిపాడు గనుక, రాజుకు సమానుడైన నాయకుడి భార్యను అయిదుగురి భార్యగా చెప్పడం కుదరలేదని విమర్శకులు వివరిస్తారు. బడిలో పంప భారతపు కథాభాగం కన్నడంలో చదివి, కళాశాలలో నన్నయ పాఠం తెలుగులో చదివిన విద్యార్థి ‘ద్రౌపదికీ ధర్మరాజుకూ సంబంధం’ మీద రాసేటప్పుడు ఆకరం చెప్పకపోతే ఏమవుతుంది? ఒక భారతంలో భర్త, ఇంకొక భారతంలో భర్త అన్న. వరసే మారిపోయింది. ‘భారతంలో ఇలా ఉంది’ అన్న వాక్యానికి మన ప్రాంతంలో అర్థమే లేదు. ఏ భారతంలో, ఏ పర్వంలో, ఏ ఆశ్వాసంలో, ఎన్నో పద్యంలో? తెలుగు భారతానికి పర్వం, ఆశ్వాసం, పద్యం సంఖ్య ఇచ్చే సంప్రదాయం ఉంది. అలా ఇస్తే చదువరి ఏ ముద్రణ తీసుకున్నా చాలావరకు ఆ పద్యం దొరుకుతుంది.

బంధువాచకాలే కాక సంబంధాన్ని తెలిపే చిన్న మాటలు ఇంకా ఉన్నాయి. భాషాశాస్త్రంలో పనిచేసినవాళ్ళం గనుక ఇక్కడ కాస్త ఆగుతాం. తెలుగులో మనం, మేము అని రెండు మాటలున్నాయి. వినేవాణ్ణి కలుపుకుంటే మనం, విడిచిపెడితే మేము. నేటి కన్నడంలో రెండింటికీ నావు ఒక్కటే. కొత్తకోడలు అత్తగారితో ‘మా ఇంట్లో ఇలా చెయ్యం’ అంటే పుట్టింటి మాట, ‘మన ఇంట్లో’ అంటే మెట్టినింట్లో కాలు నిలిపిన మాట, ‘మీ ఇంట్లో’ అంటే తెగింపు. కథలో కోడలి మాట ‘మీ’ నుంచి ‘మన’కు ఎక్కడ మారిందో గుర్తిస్తే పాత్ర పరిణామం మీద ఒక పేరా రాయవచ్చు. కన్నడం అలవాటైన చెవికి ఈ మార్పు సులువుగా జారిపోతుంది.

సర్వనామాలూ అంతే. కన్నడ వాడుకలో ముఖ్యంగా అవను, అవరు అన్న రెండు మెట్లు. తెలుగులో వాడు, అతను, ఆయన, వారు అని నాలుగు. భార్య భర్తను ఆయన అనడం మర్యాద. అతను అంటే దూరం. వాడు అన్నరోజు కథలో ఏదో తెగిపోయిందన్నమాట. స్త్రీల విషయంలో మరొక చిక్కు. కన్నడంలో అవళు వేరు, అదు వేరు. క్రియలు కూడా బందళు, బంతు అని విడిపోతాయి. తెలుగు ఏకవచనంలో మనిషైనా ఆవైనా బస్సైనా వచ్చింది అనే అంటాం. తల్లి కూతుర్ని ‘అది ఇంకా రాలేదు’ అంటే చనువు, పొరుగావిడ అదే మాటంటే తిరస్కారం. ‘అది’ కనిపించినచోటల్లా స్త్రీని వస్తువుగా చూశారని రాసిన వ్యాసాలున్నాయి. ఎవరు, ఎవరి గురించి, ఎవరి ముందు అన్నారో చూడకుండా ఆ తీర్పు ఇవ్వకూడదు.

ఇంకొకటి, పిలుపును బట్టి రక్తసంబంధాన్ని నిర్ణయించకూడదు. పల్లెల్లో కులం వేరైనా, చుట్టరికం లేకపోయినా వరస కలుపుకుని అన్నా, మామా, అవ్వా అని పిలుచుకుంటారు. నామిని సుబ్రహ్మణ్యం నాయుడి ‘పచ్చనాకు సాక్షిగా’, ‘సినబ్బ కతలు’ వంటి చిత్తూరు జిల్లా కథలు మనవాళ్ళు చదవాలని మేము పదేపదే చెప్పడానికి ఇదొక కారణం. ఆ యాస మనకు పొరుగుదే, చాలాచోట్ల మనదే. అటువంటి కథలు చదివేటప్పుడు కాగితం మీద రెండు గీతలు గీసుకోండి. పుట్టుక, పెళ్ళి వల్ల వచ్చిన సంబంధాలు ఒక గీత మీద, నోటి పిలుపు వల్ల వచ్చినవి రెండో గీత మీద. రెండూ కలవనిచోట సాధారణంగా కథ ఉంటుంది: మామా అని పిలిచించుకుంటూ వడ్డీ వసూలు చేసేవాడు, తమ్ముడూ అంటూనే పొలం గట్టు జరిపేవాడు.

ఆకరాల్లో రచయిత పేరు రాయడం దగ్గర మన ప్రాంతానికి ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటుంది. తెలుగువారి పేరు ముందున్న మాట మామూలుగా ఇంటిపేరు. గురజాడ, విశ్వనాథ, శ్రీపాద, చాగంటి అన్నవి అలాంటివే. గ్రంథసూచిలో వీరిని ఇంటిపేరు కింద చూపడం వాడుక. కన్నడ రచయితల పేర్లకు ముందున్నది ఊరి పేరు, తండ్రి పేరు కావడం సాధారణం. 1887లో ముళబాగిలులో పుట్టిన డి.వి.జి. పూర్తి పేరు దేవనహళ్ళి వెంకటరమణయ్య గుండప్ప. మొదటిది ఊరు, రెండోది తండ్రి, అసలు పేరు గుండప్ప. 1983 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారం పొందిన మాస్తి వెంకటేశ అయ్యంగార్ పేరులోని మాస్తి మాలూరు తాలూకాలోని ఊరు. అందువల్ల ఒకే వ్యాసంలో తెలుగు, కన్నడ గ్రంథాలు రెండూ వాడితే ఒకే సూత్రంతో అందరినీ తిప్పి రాయకండి. తెలుగువారిని ఇంటిపేరుతో, కన్నడిగులను అసలు పేరుతోనో లోకప్రసిద్ధమైన పేరుతోనో రాసి, ఆ పద్ధతిని చివరిదాకా పాటించండి. ఆరుద్ర, శ్రీశ్రీ, చాసో వంటి కలంపేర్లను పుస్తకం ముఖపత్రం మీద ఉన్నట్టే ఉంచాలి.

కైవార తాతయ్య విషయంలో వరస, ఆకరం రెండూ ఒకే పేరులో కలిశాయి. తాతయ్య అన్నది ఇక్కడ బంధుత్వం కాదు, భక్తులు ఇచ్చిన గౌరవం. ఆయనే యోగి నారేయణ, కైవార నారేయణ యతీంద్రులు. తెలుగులోనూ కన్నడంలోనూ రచనలు చేశారు. తెలుగు కీర్తనలు కన్నడ లిపిలో అచ్చయినవీ ఉన్నాయి. ఒక గ్రంథాలయంలో ‘నారేయణ’ కింద, మరొకచోట ‘కైవార’ కింద, ఇంకొకచోట ‘తాతయ్య’ కింద వెతకవలసి ఉంటుంది. మీ వ్యాసంలో ఒక పేరును ప్రధానంగా ఉంచి మిగిలినవి ఒకసారి తెలపండి. భాష తెలుగు, లిపి కన్నడం అయితే ఆ సంగతి తప్పక రాయండి. కైవారం పాత పుస్తకాల్లో కోలారు జిల్లాలో ఉంటుంది. 2007లో చిక్కబళ్ళాపుర జిల్లా ఏర్పడినప్పటి నుంచి ఆ జిల్లాలో ఉంది. ఆకరంలో ఉన్న పేరును దిద్దకూడదు, పక్కన మీ వివరణ ఇవ్వాలి.

ఊళ్ళ పేర్ల విషయంలో బంగారుపేట స్వయంగా ఒక పాఠం. 1862-70 మధ్య మైసూరు కమిషనరుగా పనిచేసిన లూయిన్ బౌరింగ్ పేరుమీద ఈ ఊరు బౌరింగుపేట అయింది. కోలారు జిల్లా శాసనాలను బి.ఎల్. రైస్ 1905లో ‘ఎపిగ్రాఫియా కర్నాటికా’ పదో సంపుటంగా ప్రకటించినప్పుడు తాలూకా పేరుకు పొట్టి అక్షరాలు, వాటి పక్కన శాసనం సంఖ్య ఇచ్చాడు. ఈ తాలూకా శాసనాలు అందులో బౌరింగుపేట సంకేతం కిందే ఉంటాయి. బంగారుపేట అని వెతికితే దొరకవు. కాలం సంగతీ అంతే. 1990ల నాటి వ్యాసంలో గనుల్లో పని జరుగుతున్నట్టు ఉంటుంది. భారత్ గోల్డ్ మైన్స్ 2001 ఫిబ్రవరి 28న మూతపడింది. ఆ వ్యాసం నుంచి వాక్యం ఎత్తి రాసి సంవత్సరం చెప్పనివాడు మూసిన గనిలోకి కూలీలను దింపుతాడు.

దేనికి ఆకరం చెప్పాలి, దేనికి అక్కరలేదు అని విద్యార్థులు తరచు అడుగుతారు. ఇతరుల మాటలు యథాతథంగా వాడితే కొటేషన్ గుర్తులు, పుట సంఖ్య. ఇతరుల అభిప్రాయాన్ని మీ మాటల్లో చెప్పినా ఆ పేరు చెప్పాలి. దీన్నే చాలామంది మరిచిపోతారు. గురజాడ ‘కన్యాశుల్కం’ రాశాడన్నదానికి ఆకరం అక్కరలేదు. గైడు పుస్తకంలోని కథాసంగ్రహాన్ని క్రియలు మార్చి రాయడం మాత్రం ఎత్తిరాతే. పైగా గైడులో వరస తప్పితే మీ వ్యాసంలోనూ తప్పుతుంది, ఒకే తరగతిలో పదిమంది అదే తప్పు రాస్తే దిద్దేవారికి ఆకరం వెంటనే తెలిసిపోతుంది. ఇంటర్నెట్‌లో దొరికిన స్కాన్ ప్రతి అయితే ముఖపత్రం మీది ముద్రణ వివరాలు రాసుకుని, ఏ గ్రంథాలయపు సేకరణో, ఏ తేదీన చూశారో చేర్చండి. నిఘంటువులకు పుట కంటే ఆరోపం, అంటే చూసిన మాట, ముఖ్యం. బ్రౌన్ నిఘంటువులో గాని, కిట్టెల్ 1894లో ప్రకటించిన కన్నడ నిఘంటువులో గాని ‘అప్ప’ అన్న మాట కింద చూడండి. బరో, ఎమెనోల ద్రవిడ వ్యుత్పత్తి నిఘంటువు 1961లో వెలువడింది, 1984లో సవరించిన కూర్పు వచ్చింది. రెండింటిలో ఆరోపాల సంఖ్యలు వేరు గనుక ఏ కూర్పో చెప్పాలి. ఇవి ఇక్కడ దొరకకపోతే బంగారుపేట నుంచి జోలార్‌పేట వైపు రైలు మార్గంలోనే కుప్పం ఉంది. అక్కడ ద్రావిడ విశ్వవిద్యాలయం 1997లో ఏర్పడింది.

చివరిగా, అచ్చులో లేని ఆకరం. ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పిన కథ, పాట, సామెత, వరస పేరు కూడా ఆకరమే. కోలారు జిల్లా తెలుగు వరసల మీద రాసే విద్యార్థికి అంతకంటే నమ్మదగినది లేదు. ‘మా అవ్వ చెప్పింది’ అని వదిలేస్తే మాత్రం దాన్ని ఎవరూ పరిశీలించలేరు. పైగా మన అవ్వ ఎవరి తల్లో చదువరికి తెలియదు. చెప్పినవారి అనుమతి తీసుకోండి. వారు ఇష్టపడితే పేరు, వయస్సు, పుట్టిన ఊరు, మెట్టిన ఊరు, విన్న తేదీ, సేకరించినవారికి ఏమవుతారన్నది పాదసూచికలో ఇవ్వండి. ఆడవాళ్ళ విషయంలో పుట్టినూరు తప్పక అడగాలి, ఎందుకంటే పుంగనూరు వైపు నుంచి వచ్చిన కోడలి మాటకూ మాలూరు వైపు నుంచి వచ్చిన కోడలి మాటకూ తేడా ఉండవచ్చు. కన్నడ లిపిలో రాసుకునే అలవాటుంటే అలాగే రాసుకోండి. అయితే చాప, చేప అన్న మాటల మొదట్లో తెలుగువారు పలికే రెండు రకాల చకారాలకు కన్నడ లిపిలో ఒకే అక్షరం ఉంది. విన్నరోజే పక్కన చిన్న గుర్తు పెట్టుకోకపోతే ఇంటికి వెళ్ళాక ఏది ఎలా పలికారో గుర్తుండదు.